మాస్టారి బొటనవేలు

మొన్న పదో తరగతి పరీక్షల రోజుల్లో గుడ్లవల్లేరులో గుడివాడ బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటులో యూనిఫాం వేసుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో పరీక్ష అట్ట, అట్ట మీద జామెట్రీ బాక్సు. బస్సు కదిలిందో లేదో ఆ పిల్ల చున్నీతో కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాను.

"కంపాసు కాలు లూజైపోయిందండీ. ఇవాళే లెక్కల పరీక్ష. స్పర్శరేఖలు ఖాయంగా వస్తాయి. దానికి ముందు లంబ సమద్విఖండన రేఖ గీయాలి కదండీ. దీంతో గీస్తే ఒక చాపం పెద్దదీ, ఒకటి చిన్నదీ వస్తోంది," అంది.

నాకు నవ్వొచ్చింది. ఏడుస్తున్న పిల్ల ముందు నవ్వడం తప్పే గానీ ఆపుకోలేకపోయాను. అదే కంపాసు, అదే జబ్బు, అదే గీత. ఇన్నేళ్ళలో రేషన్ కార్డులు మారాయి, బస్సుల రంగులు మారాయి, కంపాసు కాలు మాత్రం అలాగే వదులవుతోంది. "ఇలా ఇవ్వు," అని దాన్ని చేతిలోకి తీసుకున్నాను. తీసుకోగానే ముక్కుకి పులిసిన బెల్లం వాసన కొట్టింది. బస్సులో బెల్లం ఎక్కడిది, అదంతా నా తలలోనే ఉంది.

మా చిన్నప్పుడు బందరులో మా ఇంటి వెనక గుడ్డల మీద రంగు అచ్చులు వేసే అద్దకం పాక ఉండేది. మధ్యలో తాటాకుల దడి. ఆ దడికి ఒక మూల నేనూ పక్కింటి పిల్లా దూరడానికి సరిపోయే కంత. దాన్ని పెద్దవాళ్ళు ప్రతి ఏడూ మూయించేవారు, మేం ప్రతి ఏడూ తెరిచేవాళ్ళం. పాకలో పొద్దున్నే గుడ్డల్ని కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో ముంచి పిండేవారు. మధ్యాహ్నానికి ఆ పచ్చిపాల వాసన మా వంటింట్లో పప్పు తాలింపుని కూడా మింగేసేది. ఇంకో మూల కుండల్లో తుప్పుపట్టిన మేకులూ, విరిగిన గొళ్ళేలూ తాటిబెల్లంతో కలిపి నెలరోజులు పులియబెట్టేవారు. నల్లరంగు అక్కణ్ణించే పుట్టేది. ఆ కుండ మూత తీసిన రోజు మా అత్తయ్య ఇంట్లో కిటికీలన్నీ మూసేసి, "వాళ్ళు నలుపు చేస్తున్నారో, మనల్ని నల్లగా చేస్తున్నారో," అని సణిగేది.

అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క. చిన్నప్పుడే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. ఐదో క్లాసుతో చదువు ఆపించేశారట. ఆ కోపం ఆవిడకి ముప్ఫయ్యేళ్ళయినా చల్లారలేదు. మాగాయ కలిపి ముద్దలు పెడుతూ, "బడికి వెళ్ళేదానివి, ఇంకో ముద్ద తిను. బుర్రకి కూడా ఆకలేస్తుంది," అనేది.

పాకలో పెద్ద పనివాణ్ణి మేం సాయిబు తాత అనేవాళ్ళం. అచ్చులు చెక్కడం, అద్దడం రెండూ వచ్చిన మనిషి. గడ్డం తెల్లగా, చేతులు మోచేతుల దాకా నల్లగా, ఎర్రగా ఉండేవి. కుండల పక్కనే గట్టు మీద తాటిబెల్లం బుట్ట పెట్టేవాడు. ఆయన అటు తిరిగి అచ్చు కొట్టినప్పుడల్లా ధబ్ మనే చప్పుడు వచ్చేది. ఆ చప్పుడులో మేం బుట్టలోంచి ముక్క విరిచేవాళ్ళం. విరిగిన చప్పుడు అచ్చు చప్పుడులో కలిసిపోయేది. ఇంత తెలివైన దొంగతనం లోకంలో ఎవరూ చేసి ఉండరని మా నమ్మకం.

ఇక లెక్కల మాస్టారు. పంచె, లాంగ్ కోటు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. చంకలో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువొకటి. అది బోర్డు మీద గీసే కొయ్య కంపాసు. ఒక కాలికి ఇనుప ముల్లు, ఇంకో కాలికి చాక్‌పీసు. అది బడిది కాదు, ఆయన సొంతం. పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చి, పని కాగానే మళ్ళీ తువ్వాలు చుట్టేసేవారు. మా క్లాసులో దాన్ని ఎవరూ ముట్టుకున్న చరిత్ర లేదు.

ఆయన చెయ్యెత్తి ఎవర్నీ కొట్టేవారు కారు. ఆయన ఆయుధం బొటనవేలు. జామెట్రీ పేపర్లు దిద్దేటప్పుడు ముందు బొమ్మ చూసేవారు కాదు. పేపరు తిరగేసి, కళ్ళు మూసుకుని, వెనకవైపు బొటనవేలితో మెల్లగా తడిమేవారు. కంపాసు ముల్లు దిగిన చోట కాగితం వెనక చిన్న పొక్కు తేలుతుంది కదా, దాని కోసం. పొక్కు తగిలితే కళ్ళు తెరిచేవారు. తగలకపోతే మాత్రం, "ముల్లు దిగని చోట చాపం ఎలా పుట్టిందమ్మా? ఇది దొంగ చాపం," అనేవారు.

ఎందుకంటే ఆ రోజుల్లో మా క్లాసులో సగం మంది దొంగలం. గీతని నిలువునా సరిగ్గా సగం చేసే గీతని లంబ సమద్విఖండన రేఖ అంటారు, ఆ పేరు పలకడానికే నోరు తిరగదు, గీయడం మరీ కష్టం. గీత ఈ చివర ముల్లు పెట్టి పైనా కిందా చాపాలు గీయాలి, అదే కొలతతో ఆ చివర పెట్టి మళ్ళీ గీయాలి, అవి ఖండించుకున్న రెండు చోట్లా కలపాలి. మేం కనిపెట్టిన పద్ధతి దీనికంటే తేలిక. స్కేలుతో కొలిచి సరిగ్గా నడుమ చుక్క పెట్టేయడం, మూలమట్టం ఆనించి నిటారుగా గీత గీసేయడం, ఆ తర్వాత తీరిగ్గా పైనా కిందా చాపాలు చేత్తోనే వంకరగా వేసేయడం. జవాబు ముందు, పద్ధతి తర్వాత.

బొటనవేలి సంగతి తెలిశాక పక్కింటి పిల్ల ఇంకో అడుగు ముందుకు వేసింది. పిన్నీసు తెచ్చి రెండు చివరలా చిల్లులు పొడిచింది. కానీ పాపం, కాగితం తిరగేసి వెనకనుంచి పొడిచింది. పొక్కులు బొమ్మ వైపు తేలాయి. మాస్టారు వెనకవైపు తడిమారు, ఏమీ లేదు. ముందువైపు తడిమారు, పొక్కులున్నాయి. "ఈ కంపాసు నేల కింద నుంచి వచ్చి గీసినట్టుంది," అన్నారు. క్లాసంతా పది నిమిషాలు నవ్వింది. క్లాసుతో పాటు నేనూ నవ్వాను. తర్వాత పేపరు నాదని నాకేం తెలుసు?

నా పేపరు వెనక వేలు రెండుసార్లు తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

"గీత సరిగ్గానే ఉందండీ," అన్నాను. నాకు నోరెక్కువ.

"ఉంది. అది స్కేలు గీసిన గీత. నువ్వు గీసింది ఎక్కడుందమ్మా?" అన్నారు.

నా దగ్గరున్న కంపాసు మా అన్నయ్య వాడి, విసుగొచ్చి పారేసింది. ముల్లు పెట్టి తిప్పుతుంటే మధ్యలోనే కాలు జారి, చాపం మొదలైన చోట ఒక కొలత, ముగిసిన చోట ఇంకో కొలత వచ్చేది. కొత్తది అడగడానికి అభిమానం అడ్డొచ్చేది. అందుకని దొంగదారి పట్టాను.

అది మామూలు పరీక్ష అయితే ఇంత గుర్తుండేది కాదు. అప్పట్లో ఎనిమిదో తరగతి అయిపోతే లెక్కలకి రెండు దారులుండేవి. ఒకటి కాంపోజిట్, రెండోది జనరల్. కాంపోజిట్ తీసుకున్నవాళ్ళకి ఆల్‌జీబ్రా, అసలైన జామెట్రీ ఉండేవి, వాళ్ళే తర్వాత కాలేజీలో లెక్కలు చదవగలరు. జనరల్ అంటే ఇంటికి పనికొచ్చే లెక్కలు, అక్కడితో ఆ తలుపు మూసుకున్నట్టే. ఎవరు ఎందులోకి వెళ్ళాలో లెక్కల మాస్టారు జాబితా రాసేవారు. ఆడపిల్లల పేర్లు అడక్కుండానే జనరల్ కిందకి వెళ్ళిపోయేవి.

నాకు కాంపోజిట్ కావాలి. ఎందుకంటే నాకు లెక్కలంటే ఇష్టం. ఇంతకంటే పెద్ద కారణం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పేజీ నిండా కుస్తీ పట్టి చివర్లో జవాబు కుదిరినప్పుడు ఒళ్ళంతా తేలికైపోయేది. ఆ సంతోషం మగపిల్లలకే రాసిపెట్టి ఉందంటే నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు బడి వదిలాక మాస్టారి బల్ల దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను. "నన్ను కాంపోజిట్‌లో రాయండి మాస్టారూ," అన్నాను.

ఆయన లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చారు. "కాంపోజిట్‌లో దొంగ చాపాలు కుదరవమ్మా. జనరల్ తీసుకో, హాయిగా పాసవుతావు."

"నేను నిజంగా గీయగలనండీ." అది కూడా అబద్ధమే.

ఆయన బల్ల మీది జాబితా సొరుగులో పెట్టారు. "సరే. శనివారం జాబితా ఆఫీసుకి వెళ్తుంది. శుక్రవారం నాడు బోర్డు మీద అందరి ముందూ గీసి చూపించు. గీస్తే రాస్తాను."

ఇంటికొచ్చి చెబితే నాన్నగారు చదువుతున్న పేపరు దించారు. తాలూకాఫీసులో గుమాస్తా ఆయన. దేన్నయినా పై ఆఫీసుకి పంపకుండా నిర్ణయం తీసుకోవడం ఇష్టం లేని మనిషి. "జనరల్ చాలదంటావా? ఆడపిల్లలకి అదే తేలికని అందరూ అంటారు," అన్నారు.

అత్తయ్య వంటింట్లోంచే అందుకుంది. "మోసి చూడనిస్తే గదరా తమ్ముడూ బరువో తేలికో తెలిసేది. ఎత్తకముందే తేలికది చేతిలో పెడితే ఎలా?"

నాన్నగారు మళ్ళీ పేపరెత్తారు. పేపరు వెనకనుంచి మాటొచ్చింది. "శుక్రవారం గీస్తే సంతకం పెడతాను. గీయలేకపోతే ఆ ఊసు ఇంక ఈ ఇంట్లో ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. అప్పటికి చేతిలో ఉన్నవి నాలుగు సాయంత్రాలు, ఒక వదులు కంపాసు.

మొదటి సాయంత్రం దడి కంతలోంచి దూరి సాయిబు తాత దగ్గర కూర్చున్నాను. బెల్లం జోలికి వెళ్ళలేదు. అది చూసే ఆయనకి అనుమానం వచ్చినట్టుంది. "ఏం బంగారూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

కంపాసు చూపించాను. అటూ ఇటూ తిప్పి, పట్టెడ మీద పెట్టి, కీలు దగ్గర సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అంతే. ఏడాదిగా నన్ను ఏడిపించిన జబ్బు రెండు దెబ్బలకి వదిలిపోయింది. నాకు సంతోషంతో పాటు మంట కూడా వచ్చింది, ముందే అడగనందుకు.

అక్కడే పలక మీద గీత గీసి, ముల్లు పెట్టి చాపం గీశాను. ఆ చివరా గీశాను. రెండూ కలుసుకోలేదు. ఒకదానివైపు ఒకటి చూస్తూ ఆగిపోయాయి.

"పిసినారి చాపాలు," అన్నాడు తాత. "ఇంకొంచెం తెరువు."

"సగానికి మించి తెరవాలని పుస్తకంలో ఉంది తాతా. మర్చిపోయాను."

"ఎందుకు మించాలి?"

"పుస్తకంలో అలా ఉంది."

ఆయన పకపకా నవ్వాడు. "కాలవకి అటో మనిషి, ఇటో మనిషి నిలబడి చేతులు చాపారనుకో. ఇద్దరిలో ఎవడి చెయ్యీ నడుమ దాకా రాకపోతే ఎలా అందుకుంటారు? పుస్తకం ఎందుకు దీనికి?"

ఆ మాటకి సగం వెలుగొచ్చింది. మిగతా సగం మర్నాడొచ్చింది. ఆ రోజు పాకలో పెద్ద దుప్పటి అద్దుతున్నారు. కొత్తగా చేరిన పనివాడొకడు ఎవరూ చూడకుండా మూల నుంచి మొదలెట్టేశాడు. మామిడిపిందెల అంచు. ఒక్కొక్క పిందే అద్దుకుంటూ వెళ్ళి చివరి మూలకి చేరేసరికి అక్కడ సగం పిందెకే చోటు మిగిలింది. అద్దకంలో చెరపడం ఉండదు. తాత ఆ దుప్పటి చూసి, దాన్ని తీసి చేతులు తుడుచుకునే గుడ్డల్లో పడేశాడు. కొత్త గుడ్డ పరిపించి, నన్ను కూడా దగ్గరకి రమ్మన్నాడు.

"ఇదిగో చూడు. మేం ఏది మొదలెట్టినా నడుమ నుంచే. నడుమ ఎక్కడో ఎలా తెలుస్తుంది? గజంకర్రతో కొలిస్తే గుడ్డ సాగుతుంది, మోసం చేస్తుంది," అని ఈ మూలని తెచ్చి ఆ మూల మీద పెట్టాడు. మధ్యలో మడత పడింది. గవ్వతో ఆ మడత మీద గట్టిగా రుద్ది, గుడ్డ విప్పాడు. నడుమ తిన్నగా గీత పడి ఉంది. కంపాసు లేదు, స్కేలు లేదు.

"ఇప్పుడు ఈ దారం పట్టుకో. మడత మీద నీకు నచ్చిన చోట వేలు పెట్టు."

పెట్టాను. అక్కణ్ణించి ఈ మూలకి దారం కొలిచి, అదే దారం ఆ మూలకి తిప్పాడు. సరిగ్గా సరిపోయింది. ఇంకో చోట పెట్టాను. సరిపోయింది. దూరంగా, అవతలి అంచు దగ్గర పెట్టాను. అప్పుడూ సరిపోయింది.

"మడత మీద నువ్వు ఎక్కడ నిలబడ్డా రెండు మూలలూ నీకు సమానమే. ఒకదానికి దగ్గరా, ఒకదానికి దూరమా ఉండదు," అన్నాడు తాత. అని తన పనిలోకి వెళ్ళిపోయాడు. తను ఏం చెప్పాడో ఆయనకి తెలియదు. ఏడాదంతా పుస్తకం చెప్పలేనిది చెప్పాడు.

మూడో సాయంత్రం, నాలుగో సాయంత్రం పక్కింటి పిల్లని లాక్కుని కాలవ గట్టుకి వెళ్ళాను. అద్దిన గుడ్డలు ఉతికి ఆరేసే ఇసుక అక్కడ. తడి ఇసుకలో రెండు పుల్లలు పాతి, దారంతో పెద్ద పెద్ద చాపాలు గీశాం. ఖండించిన చోట్ల గవ్వలు పెట్టి గీత కలిపాం. ఆ గీత మీద ఆ పిల్లని నడిపించి, అడుగడుక్కీ దారంతో రెండు పుల్లలకీ దూరం కొలిచాను. దారం పెద్దదైతే చాపాలు దూరంగా కలుస్తున్నాయి, చిన్నదైతే దగ్గరగా కలుస్తున్నాయి. కానీ ఎక్కడ కలిసినా అదే గీత మీద. పక్కింటి పిల్లకి కాళ్ళు నొప్పెట్టి, "ఇంకెన్నిసార్లు నడవాలే? నాకు జనరల్ చాలు, నన్ను వదిలెయ్," అని ఇసుకలో కూలబడింది. నేను మాత్రం చీకటి పడేదాకా గీస్తూనే ఉన్నాను. ఇంటికెళితే పరికిణీ నిండా ఇసుక. అత్తయ్య తిట్టలేదు. విసనకర్రతో దులిపి, ఆ రోజే నాన్నగారు కోనేరు సెంటరు నుంచి తెచ్చిన బందరు లడ్డు రెండోది కూడా నా చేతిలో పెట్టింది.

శుక్రవారం వచ్చింది. ఆఖరి పీరియడు. నలభైమంది మగపిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు. మాస్టారు తువ్వాలు విప్పి కొయ్య కంపాసు బయటికి తీశారు. నన్ను పిలిచి నా చేతికి ఇచ్చారు. మా క్లాసులో దాన్ని ముట్టుకున్న మొదటి పిల్లని నేనే. అది నేననుకున్నదానికంటే బరువుగా ఉంది, పట్టుకునే చోట ఆయన చేతి నునుపు ఉంది.

అప్పుడాయన చాక్‌పీసు తీసుకుని, బోర్డు ముందు వంగి, అన్నిటికంటే అడుగున, చెక్క అంచుకి ఆనుకుని, రెండు జానల గీత గీశారు. ఒక చివర ఏ, ఇంకో చివర బి. "కానీ," అని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు.

నేను సంబరంగా ముల్లు ఏ దగ్గర గుచ్చి, సగానికి మించి తెరిచి, పైన చాపం గీశాను. బి దగ్గర గుచ్చి గీశాను. పైన రెండూ చక్కగా ఖండించుకున్నాయి. కిందకి తిప్పాను. చాక్‌పీసు బోర్డు దాటి గోడ మీదకి వెళ్ళి సున్నం గీరింది. కింద బోర్డు లేదు.

వెనక బెంచీ నుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు, "గోడ మీద గీయవే, గోడ కూడా మాస్టారిదే," అన్నాడు. ముందు బెంచీ వాడు జాలిపడి, స్కేలు నా వైపు జరిపాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఒక్క బిందువుతో గీత ఎలా గీస్తాను? రెండు కావాలి. రెండోది కింద ఉండాలని పుస్తకంలో ఉంది. కింద గోడ ఉంది. మాస్టారి మొహంలో ఏమీ కనబడటం లేదు, లవంగం మాత్రం కదలడం ఆగిపోయింది. ఆ క్షణం నాకు నాన్నగారి పేపరు కనబడింది, దాని వెనకనుంచి వచ్చిన మాట వినబడింది.

కళ్ళు మూసుకున్నాను. పక్కింటి పిల్ల ఇసుకలో నడుస్తూ కనబడింది. ఎక్కడ ఆగినా రెండు పుల్లలకీ సమానం. ఎక్కడ ఆగినా.

రెండోది కిందే ఎందుకుండాలి?

కంపాసు కాళ్ళు కొంచెం దగ్గరికి చేశాను. సగం కంటే తగ్గకుండా చూసుకున్నాను. ఏ దగ్గర మళ్ళీ గుచ్చి పైనే ఇంకో చాపం గీశాను. బి దగ్గర గుచ్చి పైనే ఇంకోటి గీశాను. మొదటి ఖండన బిందువు కింద, గీతకి దగ్గరగా, రెండోది పడింది. రెండూ ఒకే వైపు. కర్ర స్కేలు ఆనించి రెండిటినీ కలిపి, అలాగే కిందకి దించుకుంటూ వచ్చి గీత మీద ఆపాను. చాక్‌పీసు విరిగింది గానీ గీత వంకర పోలేదు.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ నవ్వడం లేదు.

మాస్టారు వచ్చారు. రెండు సగాలూ స్కేలుతో కొలిచారు. మూలమట్టం పెట్టి చూశారు. ఆ తర్వాత వంగి, ఏ దగ్గర బొటనవేలు పెట్టి బోర్డుని తడిమారు. ముల్లు దిగిన గుంట తగిలింది. బి దగ్గర తడిమారు. అక్కడా తగిలింది. లేచి వేలికంటిన సుద్ద చూసుకున్నారు.

"ఒకే వైపు రెండు పెట్టొచ్చని నీకు ఎవరు చెప్పారు?" అన్నారు.

"ఎవరూ చెప్పలేదండీ. ఆ గీత మీద ఎక్కడ నిలబడ్డా రెండు చివరలూ సమానమే కదండీ. కింద చోటు లేదు, పైన బోలెడుంది."

ఆయన వేలి సుద్ద పంచెకి తుడుచుకున్నారు. తర్వాత క్లాసు వైపు తిరిగి, "పదేళ్ళుగా ఈ గీత అడుగునే గీస్తున్నాను. జనరల్ నుంచి కాంపోజిట్‌కి మార్చమన్న ప్రతివాడికీ ఇదే పరీక్ష. ఇన్నేళ్ళలో ముగ్గురు గీశారు. ఇది నాలుగు," అన్నారు. బల్ల సొరుగులోంచి జాబితా తీసి, అందరూ చూస్తుండగా జనరల్ కింద ఉన్న నా పేరు కొట్టేసి కాంపోజిట్ కింద రాశారు. నేను గెలిచాను. ఇందులో వినయం చూపించాల్సిన పని నాకు ఈరోజుకీ కనబడదు.

ఇంటికి నడవలేదు, పరుగెత్తాను. నాన్నగారు ఇంకా ఆఫీసు బట్టల్లోనే ఉన్నారు. చెప్పిందంతా విని, "మాస్టారు చేత్తో రాశాక ఇంక మనదేముంది," అని పెన్ను తీశారు. సంతకం పెట్టేటప్పుడు ఆయన పెదవుల మీద నవ్వుంది, దాన్ని మాత్రం పై ఆఫీసుకి పంపలేదు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది నా ఒక్కదాని కోసం కాదని నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు.

దడి కంతలోంచి దూరి తాతకి చెప్పాను. ఆయన లేచి, బుట్టలోంచి పెద్ద బెల్లం గడ్డ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇవాళ చప్పుడు చేస్తూ తిను," అన్నాడు. నేను కొయ్యబారిపోయాను. "రోజూ రెండు ముక్కలు ఎక్కువే వేసి పెడుతున్నాను బంగారూ, లేకపోతే నా నలుపు ఎప్పుడో తేలిపోయేది," అని, ఆ చెడిపోయిన దుప్పటి మూల చింపి, సగం పిందె ఉన్న ముక్క, కంపాసు చుట్టుకోమని ఇచ్చాడు. ఆ గుడ్డ చిరిగి పోగులైపోయేదాకా నా కంపాసు అందులోనే ఉంది.

తర్వాత నేను లెక్కల టీచర్నయ్యాను. ముదినేపల్లిలో, ఆ తర్వాత అవనిగడ్డ వైపు, చివరికి గుడివాడలో, ముప్ఫై నాలుగేళ్ళు. ఎక్కడికెళ్ళినా ఆడపిల్లల చేతికి బోర్డు కంపాసు ముందిచ్చాను. గీత బోర్డుకి అడుగునే గీశాను. కాంపోజిట్, జనరల్ అనే మాటలు ఇప్పటి పిల్లలకి తెలియవు. అద్దకం పాక ఉన్న చోట సెల్‌ఫోన్ల షాపు ఉంది, దాని ముందు నిలబడితే ఏ వాసనా రాదు. మాస్టారు, తాత, అత్తయ్య, ఎవరూ లేరు.

బస్సు గుడివాడ దగ్గరకొస్తోంది. టిక్కెట్టు అంచు చింపి, సన్నగా మడిచి, ఆ పిల్ల కంపాసు కీలులోకి గోరుతో దూర్చాను. కాళ్ళు బిగిశాయి. "గీసి చూడు," అన్నాను.

ఆ పిల్ల రఫ్ నోట్సు తీసి, బస్సు కుదుపుల్లోనే గీసింది. పేజీ అడుగున కొంచెమే చోటుంది. కింద పట్టక ఆగిపోయి నా వైపు చూసింది.

"పైన బోలెడు చోటుంది కదమ్మా," అన్నాను.

కాసేపు ఆలోచించింది. కాళ్ళు దగ్గరికి చేసి, పైనే ఇంకో జత చాపాలు గీసింది. కలిపింది. మొహం వెలిగిపోయింది.

"ఇలా కూడా వస్తుందాండీ?"

నేను ఆ కాగితం తిరగేసి, కళ్ళు మూసుకుని, బొటనవేలితో తడిమాను.

"ఏం చూస్తున్నారండీ?" అంది.

ఒక పొక్కు తగిలింది. కొంచెం జరిపితే రెండోది తగిలింది.

"నిన్నే," అన్నాను. "వెళ్ళు, పరీక్ష బాగా రాయి."